మూడు చీవరాలు, మూడు మేడలు

డిసెంబరు మూడో వారానికి న్యూజెర్సీ ఎడిసన్‌లోనూ, షికాగో శివారు నేపర్‌విల్‌లోనూ, మిషిగన్ ట్రాయ్‌లోనూ తెలుగువాళ్ళ ఇళ్ళలో సూట్‌కేసులు బయటికి వస్తాయి. పిల్లలకు సెలవులు, ఆఫీసులో పని పలచబడుతుంది, సాయంత్రం అయిదు ప్రాంతానికే పొద్దు గూకుతుంది, వాకిట్లో మంచు. ప్రయాణం వెచ్చటి సముద్రానికి. అమెరికా వీసా ఉంటే మెక్సికో వేరే వీసా అడగదు, అందుకని కాన్‌కూన్. ప్యూర్టో రికో అమెరికా భూభాగమే, తిరిగి వచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ బెంగ ఉండదు, అందుకని సాన్ హువాన్. ఇంకాస్త వెసులుబాటు ఉంటే పుంటా కానా, బహామాస్, లేదా మయామి రేవు నుంచి ఏడు రోజుల క్రూజ్. కరీబియన్‌లో హరికేన్ల కాలం నవంబరుతో అయిపోతుంది, జనవరి పగళ్ళు 28 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటాయి. ఈ ప్రయాణికుల్లో కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. చలికి ఓర్వలేక వెచ్చదనం వెతుక్కోవడంలో ధర్మవిచారానికి చోటేముందని అనిపించవచ్చు. ఉంది. దుఃఖం నుంచి తప్పుకోవడం ఎట్లా అన్నది ఈ దేశపు ఆలోచనలో చాలా పాత ప్రశ్న, చలి కూడా ఒక దుఃఖమే. కష్టపడి సంపాదించుకున్నవాళ్ళు సుఖపడితే తప్పేమిటని ఒక జవాబు, ఇదంతా భోగలాలస అని ఇంకో జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. రెండూ ఎక్కువ ఆలోచన పెట్టకుండా ఇచ్చేవే. ఆలోచన పెట్టి ఇచ్చిన జవాబు ఒకటి నలగొండ జిల్లా పెద్దవూర పక్కనే ఉంది.

పెద్దవూర దాటి నాగార్జునసాగర్ చేరితే కృష్ణ మీద కట్టిన డ్యామ్ కనిపిస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేసేనాటికే, మునగబోయే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. 1954 నుంచి ఆరేళ్ళపాటు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ అక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని వెలికి తీసింది. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం, ఆటల మైదానం బయటపడ్డాయి. దొరికినవాటిలో కొన్నిటిని నీళ్ళ మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ మీదికి చేర్చారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలన 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక సింహళపు థేరవాద ఆచార్యుల కోసం ఇక్కడ చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. కశ్మీరం, గాంధారం, చీనా దాకా ధర్మం అందించినవాళ్ళని అందులో వాళ్ళను కీర్తించింది. అంటే ఆ థేరవాదుల పాలి సూత్రాలు పరాయి దేశపు పుస్తకాల్లోని సంగతులు కావు, ఈ లోయలో వినిపించినవే అనుకోవడానికి ఆధారం ఉంది. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు ఇక్కడి శ్రీపర్వతం మీద నివసించాడని సంప్రదాయం చెప్తుంది. నాగార్జునకొండ రాతి స్తంభాల మీద ఒక చిత్రమైన బొమ్మ ఉంది. తలకు టోపీ, ఒంటినిండా పొడుగు అంగీ వేసుకున్న శక సైనికుడు. చలిదేశపు బట్టలు ఈ ఎండల నేల మీదికి ఒకనాడు వచ్చాయి. ఇప్పుడు ఈ ఎండల నేల పిల్లలు చలిదేశాల్లో ఉన్నారు.

ఆ పాలి సూత్రాల్లో, అంగుత్తర నికాయంలో, బుద్ధుడు తన యౌవనాన్ని తానే చెప్పుకున్న చోటు ఉంది. తండ్రి తనకు మూడు మేడలు కట్టించాడట. చలికాలానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి, వానాకాలానికి ఒకటి. చలీ ఎండా, దుమ్మూ మంచూ తగలకుండా రాత్రింబవళ్ళు నెత్తిన తెల్లగొడుగు పట్టేవారు. వానాకాలం నాలుగు నెలలూ పాడే స్త్రీల మధ్యనే గడిపి మేడ దిగేవాడే కాదు. సుఖపు వర్ణన అక్కడితో ఆగితే అది రాజకుమారుల మామూలు కథ. కానీ సూత్రం వెంటనే వేరే దారి పడుతుంది. ముసలితనం తప్పనివాడు మరొక ముసలివాణ్ణి చూసి రోతపడతాడు, రోగం తప్పనివాడు రోగిని చూసి, చావు తప్పనివాడు శవాన్ని చూసి రోతపడతాడు. నాకూ అవి తప్పవు కదా, నేను అట్లా రోతపడటం తగునా అని ఆలోచించినప్పుడు తనలో యౌవనమదం, ఆరోగ్యమదం, జీవితమదం మూడూ జారిపోయాయని చెప్తాడు. మూడు మేడలు, మూడు మదాలు. మేడల్లో వెచ్చదనం ఉండటం తప్పని ఆ సూత్రం ఎక్కడా అనదు. మేడలో ఉన్నవాడికి ఇతరుల దుఃఖం తనది కానట్టు, చూస్తే అసహ్యం కలిగించేదిగా కనిపించడమే అక్కడ వ్యాధి. నాకు తెలిసినంతలో సుఖం మీద ఇంత కచ్చితమైన విమర్శ ఇంకెక్కడా లేదు, ఎందుకంటే ఇది సుఖాన్ని కాక సుఖం చేసే పనిని పట్టి చూస్తుంది.

మేడలు దిగిన మనిషి తర్వాత చలిని ఏం చేశాడు? చాలామంది అనుకునేదానికి, భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చెప్పేది భిన్నంగా ఉంటుంది. మాఘం చివర నాలుగు రోజులు, ఫాల్గుణం మొదట నాలుగు రోజులు ఉత్తరదేశంలో మంచు కురిసే గడ్డు చలి. ఆ రోజుల్లో వైశాలి దగ్గర గోతమక చైత్యం వద్ద బుద్ధుడు రాత్రంతా ఆరుబయట కూర్చున్నాడు. ముందు ఒకే వస్త్రం. మొదటి జాము ముగిసేసరికి చలి వేసింది, రెండోది కప్పుకున్నాడు. నడిజాము తర్వాత మళ్ళీ చలి, మూడోది కప్పుకున్నాడు. తెల్లవారబోతుండగా మళ్ళీ వేసింది, నాలుగోదీ కప్పుకున్నాడు. చలికి తాళలేనివాళ్ళు కూడా దీనితో నెట్టుకు రాగలరని నిశ్చయించి భిక్షువులకు మూడు చీవరాలు అనుమతించాడు. లోపల కట్టుకునేది, పైన వేసుకునేది ఒక్కో పొర, వెలుపలి సంఘాటి మాత్రం రెండు పొరలు. లెక్క చూస్తే ఆ రాత్రి తనకు పట్టిన నాలుగు పొరలూ ఇందులో ఉన్నాయి. ఓర్పును పరీక్షించడానికి ఆయన కూర్చోలేదు. ఒంటికి ఎంత అవసరమో కొలవడానికి కూర్చున్నాడు. చలి వేసిన ప్రతిసారీ కప్పుకున్నాడు. దక్షిణాపథం వైపు ఉండే భిక్షువుల కోసం ఇట్లాగే నియమాలు సడలించాడు. అక్కడి నేల గట్టిది, పశువుల గిట్టలతో గరుకెక్కింది కాబట్టి మందపాటి చెప్పులు వేసుకోవచ్చు, అక్కడివాళ్ళకు స్నానం మీద మక్కువ కాబట్టి తరచూ స్నానం చేయవచ్చు అన్నాడు. వాతావరణాన్ని చూసి శీలనియమాన్ని సవరించిన ధర్మం ఇది. కనుక చలి తప్పించుకోవడమే అధర్మమని బుద్ధుని పేరు చెప్పి ఎవరూ అనలేరు. శరీరాన్ని ఎండగట్టే తపస్సు ఆయన ఆరేళ్ళు చేసి చూసి వదిలేసినదే.

అయితే మేడకూ చీవరానికీ తేడా ఏమిటి? రెండూ చలిని ఆపుతాయి. ఖరీదులో తేడా అంటే సరిపోదు, ఎంత ఖరీదు దాటితే చీవరం మేడ అవుతుందో ఎవరూ గీత గీయలేరు. ఎడిసన్‌లో ఇంటికి హీటింగ్ వేసుకోవడానికి చలికాలమంతా కట్టే బిల్లు కంటే కాన్‌కూన్ టికెట్టు ఒక్కోసారి చవక. తేడా వాటి పుట్టుకలో ఉంది. చీవరం ఒక ప్రశ్నకు జవాబుగా పుట్టింది, ఈ ఒంటికి ఈ రాత్రి ఎంత కావాలన్నది ఆ ప్రశ్న. మేడ ఒక భయానికి జవాబుగా పుట్టింది, కొడుకు కంట లోకం పడితే ఏమవుతాడో అన్నది ఆ భయం. చీవరం కప్పుకున్నవాడు ఆ రాత్రిలోనే, ఆ రుతువులోనే, అందరి మధ్యనే ఉంటాడు. పక్కవాడికి చలి వేస్తోందో లేదో అతనికి తెలుస్తుంది, తనకూ ఇప్పుడే వేసింది గనుక. మేడలో ఉన్నవాడు రుతువులోంచే బయటికి వెళ్ళిపోతాడు. అతనికి చలికాలం లేదు, కాబట్టి చలిలో ఉన్నవాడూ లేడు. నేను నిలబెట్టదలచింది ఈ ఒక్క మాటే: వెచ్చదనాన్ని కొలవాల్సింది దాని ఖరీదుతోనో దూరంతోనో కాదు, అది ఇతరుల దుఃఖాన్ని కనపడనిస్తుందా మూసేస్తుందా అన్నదానితో. పెద్దవూరలో గొంగడి కప్పుకున్నవాడు కూడా మేడలో ఉండవచ్చు. పుంటా కానా ఇసుకలో కూర్చున్నవాడి ఒంటి మీదా చీవరమే ఉండవచ్చు.

దీనికి మొదటి ఆక్షేపణ గృహస్థు వైపు నుంచి వస్తుంది. చీవరాల లెక్క భిక్షువులకు, పిల్లాజెల్లా, అప్పులూ ఉద్యోగాలూ ఉన్నవాళ్ళకు దానితో పనేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న, దీన్ని నేరుగా ఎత్తుకున్న సూత్రం కూడా ఉంది. అదే గడ్డు చలిరోజుల్లో ఆళవి నగరం దగ్గర ఆవుల బాట పక్కన, శింశుపా ఆకులు పరుచుకుని బుద్ధుడు కూర్చుని ఉంటాడు. ఆ ఊరి ఉపాసకుడు, గృహస్థుడు హత్థకుడు చూసి, సుఖంగా నిద్రపోయారా అని అడుగుతాడు. నేల గిట్టలతో గరుకుగా ఉంది, ఆకుల పరుపు పలచన, బట్ట చల్లన, గాలి కోస్తోంది కదా అని తన అనుమానమూ చెప్తాడు. బుద్ధుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. గాలి చొరని మేడ, ఉన్ని పరుపు, దీపం, సేవలు అన్నీ ఉన్న గృహస్థుకు లోపల కోరికో కోపమో మోహమో రగిలితే, ఆ తాపంతో అతనికి నిద్ర పడుతుందా? పట్టదని హత్థకుడు ఒప్పుకుంటాడు. ఇల్లు వదలమని బుద్ధుడు అతనికి చెప్పలేదు. ఒంటి చలి వేరు, లోపలి తాపం వేరు, మొదటిదానికి ఇల్లు మందు, రెండోదానికి కాదు అని విడదీసి చూపాడు. ఈ విభజనకు మన కాలంలో వేరే వైపు నుంచి సాక్ష్యం దొరికింది. 1998లో డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానమన్ అనే పరిశోధకులు అమెరికాలో దాదాపు 2000 మంది విద్యార్థులను అడిగారు. చలి ప్రాంతమైన మిడ్‌వెస్ట్‌లో ఉన్నవాళ్ళూ, ఎండ వెచ్చగా ఉండే కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళూ తమ జీవితం మీద చెప్పిన తృప్తి సమానంగానే ఉంది. కాలిఫోర్నియా వాళ్ళే ఎక్కువ తృప్తిగా ఉంటారని మాత్రం రెండు చోట్లవాళ్ళూ అనుకున్నారు. వాతావరణం మనసులో ఆక్రమించే చోటు బతుకులో ఆక్రమించే చోటు కంటే పెద్దది. 2010లో నెదర్లాండ్స్‌లో 1530 మంది మీద అచ్చయిన అధ్యయనంలో విహారానికి వెళ్ళబోయేవాళ్ళు వెళ్ళకముందు ఇతరుల కంటే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక, చాలా తేలికపడి వచ్చిన కొద్దిమందిని మినహాయిస్తే, వెళ్ళనివాళ్ళకూ వాళ్ళకూ తేడా కనపడలేదు. గోకితే సుఖమే, దురదే లేకపోవడం అంతకంటే సుఖమని నాగార్జునుడు రత్నావళిలో రాజుకు చెప్పిన మాట ఇక్కడ అతుకుతుంది. ప్రయాణం వృథా అని దీని అర్థం కాదు. ఉద్యోగం పోతుందేమోనన్న గుబులు, గ్రీన్‌కార్డు వరస, ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాయినల ఆరోగ్యం, దంపతుల మధ్య మాటలు తగ్గడం, వీటన్నిటికీ చలి అని పేరు పెట్టి సముద్రానికి మోసుకెళ్తే సముద్రం ఏమీ చేయలేదు.

రెండో ఆక్షేపణ వైద్యులది, అది బరువైనది. చలికాలపు చీకటి మనసును నిజంగానే కుంగదీస్తుంది. దక్షిణాఫ్రికా ఎండలోంచి అమెరికా వచ్చిన వైద్యుడు నార్మన్ రోజెంతాల్ చలికాలాల్లో తనలోనే మందగింపు గమనించాడు. 1984లో ఆయన బృందం దాన్ని రుతువును బట్టి వచ్చే కుంగుబాటుగా వర్ణించి, ప్రకాశమైన దీపపు వెలుతురుతో చికిత్స చూపింది. అటువంటివారికి ఎండ మందు, విలాసం కాదు. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, చీవరాల కథ కూడా ఒప్పుకోమనే చెప్తుంది. చలి వేసినప్పుడు కప్పుకోవాలి, ఎవరికి ఎన్ని పొరలు కావాలో వాళ్ళ శరీరమే చెప్తుంది. నలగొండ, సూర్యాపేట జిల్లాల ఎండల్లో పెరిగిన ఒంటికి మిషిగన్ జనవరిలో ఎక్కువ పొరలు కావడంలో సిగ్గుపడాల్సింది లేదు. పక్షులను చూపేవాళ్ళూ ఉంటారు. మంగోలియా, టిబెట్ల నుంచి పట్టెతల బాతులు హిమాలయాలు దాటి చలికాలానికి మన చెరువులకు వస్తాయి కదా, జీవధర్మమే అది అంటారు. నిజమే, కానీ పక్షి వచ్చిన చోట బతుకుతుంది. ఆ చెరువు నీళ్ళే తాగుతుంది, ఆ గడ్డే తింటుంది, ఆ చెరువు ఎండితే అదీ నష్టపోతుంది. దిగిన నేలతో సంబంధం లేకుండా దిగడం పక్షికి చేతకాదు. మనిషికి చేతనవుతుంది, అందుకే ఈ ప్రశ్న మనిషికి.

ఇక్కడే నాకు రిసార్టు సంగతి ముఖ్యం. అన్నీ కలిపి ఒకే ధర తీసుకునే రిసార్టు ప్రహరీ లోపల వీలైనంత సంపూర్ణంగా ఉంటుంది. భోజనం, సంగీతం, కొలను, సముద్రం, విమానాశ్రయం నుంచి నేరుగా బస్సు. ద్వీపాన్ని చూడకుండానే ద్వీపం నుంచి తిరిగి రావచ్చు. తెల్లగొడుగు కింద, పాటల మధ్య, నాలుగు నెలలు మేడ దిగని కుమారునికీ దీనికీ పోలిక నేను కల్పించి తెచ్చింది కాదు. ఆ ప్రహరీ బయట ఉన్న నేల తెలుగువాళ్ళకు పరాయిది కూడా కాదు. ఆంగ్లేయులు 1834లో, ఫ్రెంచివాళ్ళు 1848లో బానిసత్వం రద్దు చేశాక చెరకు తోటలకు కూలీలు కరువయ్యారు. 1838లో మొదటి ఓడలు కలకత్తా నుంచి బ్రిటిష్ గయానాకు వెళ్ళాయి, 1845 నుంచి మద్రాసు ఓడలు వెళ్ళాయి. ఫ్రెంచి ద్వీపాలకు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి 1853లో మార్టినిక్‌కూ, 1854 డిసెంబరు చివరి వారంలో గ్వాడెలూప్‌కూ మొదటి ఓడ చేరింది. ఈనాటి విహారయాత్రల వారమే అది. అయిదేళ్ళ ఒప్పందం మీద వెళ్ళిన ఆ మద్రాసు కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక్క గ్వాడెలూప్‌కే 40 వేల మందికి పైగా వెళ్ళారు, చాలామంది తిరిగి రాలేదు. భారతదేశం నుంచి ఇట్లా కూలీలను ఎగుమతి చేయడం 1917లో ఆగింది. వాళ్ళు మోసుకెళ్ళిన మారియమ్మ ఇంకా గయానాలో, గ్వాడెలూప్‌లో పూజలందుకుంటోంది. మన చలిని తీర్చే ఆ ఎండే వాళ్ళ వీపులను కాల్చింది.

విహారయాత్రికులే లేకపోతే ఆ ద్వీపాలవాళ్ళు ఏం తింటారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. టూరిజం అక్కడి బతుకుదెరువు, మీరు వెళ్ళకపోతే వాళ్ళ కడుపు కాలుతుంది అంటారు. ఈ మాట నిజం, కాబట్టే వెళ్ళవద్దని నేను అనడం లేదు. కానీ దీన్ని పూర్తి జవాబుగా తీసుకోలేం. మేడల సూత్రంలోనే బుద్ధుడు ఒక వివరం చెప్తాడు. ఇతరుల ఇళ్ళలో దాసులకూ పనివాళ్ళకూ నూకలు, పులిసిన గంజి పెడితే, తన తండ్రి ఇంట వాళ్ళకు మంచి వరి అన్నం, మాంసం పెట్టేవారట. శుద్ధోదనుడు మంచి యజమాని. ఆ మేడల చుట్టూ బతికినవాళ్ళు కడుపునిండా తిన్నారు. అయినా కొడుకు కళ్ళ ముందు మదపు పొర పొరలాగే ఉండిపోయింది. పెట్టడం ఒకటి, చూడటం ఇంకొకటి. గది ఊడ్చే మనిషికి మంచి టిప్పు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా, ఆమె పేరు తెలియకుండా, ఆమెకూ ముసలితనం, రోగం, పిల్లల బెంగ ఉంటాయన్న ఊహ ఒక్కసారీ రాకుండా.

ఇంతదాకా మేడవాళ్ళతో మాట్లాడాను. రెండో వైపువాళ్ళకూ చెప్పాల్సింది ఉంది. మన చలికాలం కష్టాన్ని ఎదుర్కొనే కాలమనీ, అదే మన ధర్మమనీ అనేవాళ్ళున్నారు. వాళ్ళు చూపే సాక్ష్యం బలమైనదే. కార్తికం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు తెల్లవారకముందే చన్నీళ్ళు పోసుకుంటారు, నేల మీద పడుకుంటారు, చెప్పులు లేకుండా నడుస్తారు. మండలం రోజులు చలి నుంచి పారిపోకుండా అందులోకే నడిచి వెళ్తారు. ఆ దీక్ష మీద నాకు గౌరవం ఉంది, కానీ దాని విలువ చన్నీళ్ళలో ఉందని అనుకోను. మాల వేసుకున్న నాటి నుంచి ఆఫీసరూ, హమాలీ ఒకరినొకరు స్వామీ అని పిలుచుకుంటారు, ఒకే నేల మీద పడుకుంటారు. చలి అక్కడ అందరికీ ఒకటే అవుతుంది, విలువంతా అక్కడే. కోరి తెచ్చుకున్న చలికీ, తప్పించుకునే వీల్లేని చలికీ మధ్య తేడాను మరచిపోతే దీక్ష కూడా ఒక మేడే. డిసెంబరు, జనవరి నెలల్లో సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల్లో యాసంగి నాట్లు పడతాయి. పొద్దున్నే ఇగం పట్టిన బురదనీళ్ళలో మోకాలి లోతున దిగి, నడుము వంచి నాటేది ఆడవాళ్ళు. మనం తినే సన్నబియ్యం మిల్లు దాకా రావడానికి ముందు ఎవరో ఆ నీళ్ళలో నిలబడ్డారు. వాళ్ళ చలికి పుణ్యమని పేరు పెట్టడం తగదు. వాళ్ళకు కావలసింది నాటు యంత్రమో, మోకాలి దాకా వచ్చే బూట్లో, మంచి కూలీయో, ఒంట్లో బాగాలేని రోజున ఇంట్లో ఉండగలిగే వెసులుబాటో. చలిని ఓర్చుకోవడం గొప్ప అని ఇతరుల తరఫున ఎవరూ నిర్ణయించకూడదు. వైశాలిలో ఆ రాత్రి కూర్చున్నవాడు తన ఒంటి మీదే కొలిచాడు, కొలిచి ఇతరులకు తక్కువ కాకుండా ఇచ్చాడు.

చివరికి మిగిలే ఆక్షేపణ అన్నిటికంటే సున్నితమైనది. ఏడాదంతా పనిచేసి దొరికించుకున్న పది రోజుల్లో కూడా ఎవరెవరి దుఃఖమో తలచుకుంటూ కూర్చుంటే ఇంక విశ్రాంతి ఎక్కడిది? చూడటాన్ని అపరాధభావంతో కలిపేయడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. అపరాధభావం తన చుట్టూ తానే తిరుగుతుంది, నేనెంత చెడ్డవాణ్ణి అనుకుంటుంది, అందులోనూ ఇతరులు కనిపించరు. చూడటం అట్లాంటిది కాదు, దానితో ఆనందానికి పేచీ లేదు. నాగార్జునుడు రత్నావళి రాసింది ఒక రాజుకు, సింహాసనం మీద ఉన్నవాడికి. మేడ దిగిపొమ్మని ఆ రాజుతో అనలేదు. చేయవలసినవి చెప్పాడు, అవి ఆశ్చర్యపోయేంత చిన్న వస్తువులు. నీళ్ళు దొరకని దారుల్లో నీటి తొట్లు పెట్టించు, వాటి దగ్గర చెప్పులు, గొడుగులు, ముల్లు తీసే పట్టకారు, సూదీ దారమూ, విసనకర్రలు ఉంచు అన్నాడు. చెరలో ఉన్నవాళ్ళకు క్షురకులను, స్నానాన్ని, అన్నాన్ని, మందులను, బట్టలను ఏర్పాటు చేయమన్నాడు. ఎండలో దారి నడిచేవాడికి కాలు కాలుతుందనీ, ముల్లు దిగితే తీసుకోవడానికి ఏదో కావాలనీ తెలియాలంటే ఆ దారిని ఎవరో శ్రద్ధగా చూసి ఉండాలి. తన సుఖం చెడగొట్టుకోవాలని రాజును అడగలేదు, అదే సుఖం ఇతరులకు ఏ రూపంలో అవసరమో ఊహించమన్నాడు. గొడుగు వద్దనలేదు, కుమారుని నెత్తి మీది తెల్లగొడుగు లాంటి గొడుగే బాట పక్కన ఒకటి ఉండాలన్నాడు.

ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది శుద్ధోదనుడు. ఆయన దుర్మార్గుడు కాదు. మూడు మేడలూ ప్రేమతో కట్టించాడు. బిడ్డకు ఎండ తగలకూడదు, చలి తగలకూడదు, ముసలివాళ్ళూ రోగులూ కంట పడకూడదు అనుకున్నాడు. మేం పడ్డ కష్టం మా పిల్లలు పడొద్దని మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు అనే మాటలో ఉన్నదీ ఆ ప్రేమే. సాగర్ నీళ్ళు రాని చోట ఫ్లోరైడ్ నీళ్ళు తాగి, ఎండలకు మాడి, ఒక్క ఉద్యోగం కోసం దేశాలు దాటినవాళ్ళకు ఆ మాట అనే హక్కు ఉంది. కష్టం పడొద్దనడం సరే. కష్టం కనపడొద్దనడం దానిలోంచి ఎప్పుడు మొలుస్తుందో తెలియదు, శుద్ధోదనుడికీ తెలియలేదు. తండ్రి దాచినవన్నీ కొడుకు ఎట్లాగూ చూశాడు, చూశాక ఇంట్లో నిలవలేకపోయాడు. ముందే తండ్రి చెయ్యి పట్టుకుని చూపించి ఉంటే కథ ఎట్లా ఉండేదో సూత్రాలు చెప్పవు, కానీ ఆ ప్రశ్న తల్లిదండ్రులందరూ వేసుకోదగినదే. పిల్లలను వెచ్చటి సముద్రానికి తప్పకుండా తీసుకెళ్ళాలి. కరీబియన్ క్రూజ్‌లలో కొన్ని గ్వాడెలూప్ పాయింత్-అ-పిత్ర్ రేవులో ఆగుతాయి. ఆ దీవిలోనే కాపెస్టెర్-బెల్-ఓ దగ్గర షాంజీలో, కూలీలుగా వచ్చినవాళ్ళ సంతతి కొలుచుకునే కోవెల ఉంది. ఓడ రేవులో ఉండే పూట అక్కడికి వెళ్ళి రావడానికి చాలు. ఎవరు ఇక్కడికి ఎందుకు వచ్చారో, ఏ మొక్క నాటారో, ఎందుకు తిరిగి వెళ్ళలేకపోయారో పిల్లలకు వచ్చిన తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పి, మధ్యాహ్నం మళ్ళీ వాళ్ళను ఈతకు పంపవచ్చు.